గోడకు ఇవతల మూడు దెబ్బలు

ఆ సోమవారం ఉదయం ఓర్లీనా సైజ్‌మోర్ వేసుకున్న పథకంలో తప్పుపట్టవలసినదేమీ లేదు. భర్త ఆరింటికే గనిలోకి దిగాడు. అత్తగారు మహాలా తొమ్మిదింటికి గోనెసంచి భుజాన వేసుకుని, కొండవాలు తోటలో చిలగడదుంపలు తవ్వడానికి వెళుతుంది. పదకొండు దాటితే గాని దిగిరాదు. మధ్యలో మిగిలే ఆ రెండు గంటలలో ఓర్లీనా ముందుగది మూలన నిలబెట్టిన బేస్ అనే పెద్ద తీగవాద్యం మీది దుప్పటి తీసి, మూడు దెబ్బల చరుపు సాధన చేయాలి. శుక్రవారానికి అది చేతికి రావాలి.

మనిషి కంటె ఎత్తయిన ఆ బేస్ లైజ్ ఫ్యూగేట్‌ది. లైజ్ పగలు గనిలో బొగ్గు తవ్వి, శనివారాలు ఓర్లీనా అన్న ఆర్విల్ కాడిల్ పాటల బృందంలో వాయించేవాడు. కిందటి ఫిబ్రవరిలో గని కప్పు కూలి రాళ్ళకు అవతల చిక్కుకుపోయాడు. రెండు రోజుల పాటు రాతిమీద మూడేసి దెబ్బలు కొడుతూ, తాను బతికే ఉన్నానని తెలియజేశాడు. మూడో రోజు ఏమీ వినిపించలేదు. ఆ తరవాత శవమే బయటకొచ్చింది. వెనక ఎవరూ లేనివాడు కనుక బేస్ ఆర్విల్ పాలబడింది. ఆర్విల్ ఇల్లు ఇరుకు కనుక చెల్లెలి ఇంటికి చేరింది.

మహాలా పాత నియమాల బాప్టిస్టు సంఘంలో ఉంది. ఆ సంఘంలో దేవుణ్ణి కీర్తించడానికి గొంతు తప్ప మరొక వాద్యం పనికిరాదు. తీగలున్న పెట్టె ఏదైనా సాతాను సామానే. అందుచేత ఆమె బేస్‌ను ఇంట్లోకి ఒక షరతు మీద రానిచ్చింది. చావింట్లో అద్దాలను కప్పినట్టు దానికి తెల్లదుప్పటి కప్పి, మెడ దగ్గర తాడుతో బిగించింది. పొగమంచు కిటికీల దాకా దిగే అక్టోబరు ఉదయాలలో ఆ ఆకారం, భుజాలు జారిన మనిషి ఎవరో గోడ వైపు తిరిగి నిలుచున్నట్టుండేది.

ఇక శుక్రవారం సంగతి. ఆర్విల్ బృందం శనివారం మధ్యాహ్నం రేడియోలో పాడాలి, బేస్ వాయించే మనిషి లేడు; ఓర్లీనా వాయించగలదో లేదో శుక్రవారం వచ్చి విని తేలుస్తానన్నాడు. ఆ కొండలలో ఒక ఆచారం ఉంది: బృందంలో బేస్ పట్టుకున్నవాడే విదూషకుడు. ముందు పన్ను నల్లగా పూసుకుని, తాడుతో కట్టిన సంచి లాంటి ప్యాంటు వేసుకుని, అందరి చేతా నవ్వించుకోవాలి. లైజ్ కూడా ఆ ప్యాంటులోనే అంత గొప్పగా వాయించాడు. రేడియోలో పన్ను ఎవరికి కనబడుతుందని ఓర్లీనా అడిగితే, ఆచారానికి కళ్ళతో పనేమిటని అన్నగారు సమాధానమిచ్చాడు.

"చూడు చెల్లాయ్, బేస్ వాడు నవ్వించన్నా నవ్వించాలి, లేదా నోళ్ళన్నా మూయించాలి. లైజ్‌లాగా మూడు దెబ్బలూ పడ్డాయా, నీ గౌనులోనే నిలబడు. పడలేదా, ప్యాంటు ఉతికించి ఉంచాను."

అన్న పాడే ప్రతి పాటకూ పదిహేనేళ్ళుగా వంటగది బల్లమీద అరచేత్తో లయ నిలిపింది ఓర్లీనా. బల్లమీద వాయించినంత కాలం ఆమెకు ఏ ప్యాంటు వేయాలన్న చర్చ ఎవరికీ రాలేదు.

మూడు దెబ్బల చరుపు చెప్పడానికి తేలిక. మందమైన గొర్రెపేగు తీగను వేలితో కొక్కెంలా పట్టి మెడకు దూరంగా లాగి వదలాలి. అది నల్లకర్ర పలక మీద విరుచుకుపడి 'ధన్' అంటుంది. ఆ వెంటనే అరచేత్తో తీగలన్నిటినీ పలకకేసి రెండుసార్లు చరచాలి, 'టక్ టక్'. అరగంటకే చూపుడువేలు, మధ్యవేలు బొబ్బలెక్కాయి. వేళ్ళకు గుడ్డపట్టీ చుట్టుకుని ఓర్లీనా మళ్ళీ మొదలుపెట్టింది. ధన్, టక్... టక్. మూడోది ప్రతిసారీ మందకొడి చుట్టంలా ఆలస్యంగా వచ్చేది.

ఆమె ఒక్క విషయం మరచిపోయింది. కంపెనీ కట్టించిన ఆ ఇళ్ళు జంట ఇళ్ళు; రెండు కాపురాలకు మధ్య ఒకటే చెక్కగోడ, అడుగున ఒకటే దూలాల వరస. బేస్ ఇనుపకాలు నేలమీద ఆనగానే, గాలిలో వినిపించనిది కూడా దూలం వెంట పక్కింట్లోకి పాకుతుంది. ఆ పక్కింట్లో, సరిగ్గా ఆ గోడకు ఆనించిన మంచం మీద, హైరమ్ స్టిడమ్ పడుకుని ఉన్నాడు.

ఫిబ్రవరిలో లైజ్‌ను బయటకు తీయడానికి తవ్వినవాళ్ళలో హైరమ్ ముఖ్యుడు. ఆ మూడో రోజు తరవాత ఆయన మళ్ళీ గనిలో అడుగుపెట్టలేదు.

రాత్రి భోజనం దగ్గర మహాలా ఆ వార్త చెప్పింది. పక్కింటి హైరమ్‌కు లైజ్ తట్టడం వినిపించిందట. మూడు దెబ్బలు చావు కబురన్నది ఆ లోయలో పాలుతాగే బిడ్డకు కూడా తెలుసు. పైగా హైరమ్ ముప్పైయేళ్ళు గని కప్పును కర్రతో తట్టి, చప్పుడును బట్టి మంచి రాయేదో కుళ్ళిన రాయేదో చెప్పిన మనిషి. చప్పుళ్ళ విషయంలో ఆయన మాటకు తిరుగులేదు. మొదటి దెబ్బ డొల్ల రొమ్ములోంచి వచ్చిందనీ, తక్కిన రెండూ ఎముకవేననీ ఆయన తేల్చాడు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఓర్లీనా కుడిచెయ్యి బల్లకిందికి దించుకుంది.

"చేతికేమైందే?" అంది మహాలా.

"పొయ్యిమీద కాలింది అత్తయ్యా."

"రెండు వేళ్ళూ ఒకేసారా?" అని మహాలా ఇంకో గరిటె చిక్కుళ్ళు వడ్డించుకుంది.

నిజం చెప్పేస్తే బేస్ ఆ రాత్రే వీధిలో పడుతుంది. శనివారం ప్యాంటు సంగతి దేవుడెరుగు, బేసే ఉండదు. ఓర్లీనా ఊరుకుంది. ఆ లోయ మొత్తం లైజ్ ప్రేతాన్ని అనుమానించింది, సాతానును అనుమానించింది, తడికి ఉబ్బిన దూలాలను, ఎలుకలను కూడా అనుమానించింది. బేస్ ఎవరి ఇంట్లో ఉందో అందరికీ తెలుసు. ఆ ఇంట్లో రెండు చేతులున్న ఓర్లీనాను మాత్రం ఒక్కరూ అనుమానించలేదు.

మంగళవారం ఆమె జాగ్రత్త పడింది. బేస్‌ను వంటగదిలోకి ఈడ్చి, ఇనుపకాలి కింద బొంత మడతపెట్టి వేసింది. దానితో చప్పుడు తగ్గలేదు. చోటు మార్చుకుంది, గొంతు మార్చుకుంది. నిన్న గోడలో ఉన్న లైజ్ ఇవాళ మట్టికిందికి వెళ్ళాడని హైరమ్ కూతురు డెల్ఫాతో చెప్పాడు. డెల్ఫా తమ వంటగది నేలమీద చెవి ఆనించి విని, ఆపైన అక్కడ పొయ్యి వెలిగించడానికి నిరాకరించింది.

పదిసార్లు వాయించి ఓర్లీనా ఊపిరి తీసుకోవడానికి ఆగింది. కిటికీ అవతల పొగమంచు కదలడం లేదు. అప్పుడు గోడలోంచి వినిపించింది. టక్. టక్. టక్.

ఆమె చేతులు తీగలమీదే బిగుసుకుపోయాయి. కొంచెం సేపటికి మళ్ళీ మూడు. ఎవరో ఆమెకు జవాబిస్తున్నారు. నిన్న హైరమ్ విన్న దెబ్బలు తన చేతివేనని ఆమెకు స్పష్టంగా తెలుసు; ఆ అమాయకుడికి లోలోపల జాలిపడింది కూడా. కాని ఇవి వేరు. ఇతరుల భయం మూఢనమ్మకం, మన భయం సమాచారం. ఓర్లీనా బేస్‌ను గోడకు చేర్చి, దుప్పటి కప్పి, తాడు రెండు ముళ్ళు వేసి, చిక్కుళ్ళు మాడిన వాసన వచ్చేదాకా నేలమీద కూర్చుండిపోయింది.

సాయంకాలానికి హైరమ్ స్నానం చేసి, గడ్డం గీయించుకుని, తనను పాతిపెట్టేటప్పుడు తొడగడానికి దాచుకున్న నల్లకోటు తొడుక్కుని, బూట్లతో సహా మంచమెక్కాడు. బూట్లు విప్పమని డెల్ఫా అడిగితే, ఆ దారిలో రాళ్ళుంటాయన్నాడు. బోధకుడు ఐసమ్ వచ్చి పరిస్థితిని తూచి తీర్పు చెప్పాడు: లైజ్‌కు కావలసింది హైరమ్ కాదు, తన ఆస్తి. గురువారం ఉదయం బేస్‌ను లైజ్ పక్కనే పాతిపెట్టాలి. ఆర్విల్‌కు కబురు వెళ్ళింది. చచ్చినవాడితో పేచీ తనకెందుకని ఆర్విల్ తిరుగు కబురు పంపాడు.

బుధవారం తొమ్మిదింటికి మహాలా కొండెక్కింది. ఆమె అటు వెళ్ళగానే వడ్రంగి కొలతాడుతో ఇటు వచ్చాడు. దుప్పటి మీదనే చుట్టూ కొలిచాడు. భుజాలు మరీ సన్నం, తుంటి మరీ వెడల్పు. ఇలాంటి కొలత తన మేనత్త పోయినప్పుడు తప్ప ఎప్పుడూ పడలేదన్నాడు. ఆ తరవాత అతనికొక ధర్మసందేహం కలిగింది. చనిపోయినవాళ్ళను తూర్పుకు ముఖం పెట్టి పాతుతారు. దీనికి ముఖం ఎటువైపు? చప్పుడు బయటికొచ్చే రంధ్రాలున్న వైపే ముఖమని అతనే తేల్చుకుని పలకలు కోయడానికి వెళ్ళిపోయాడు.

ఓర్లీనాకు ఇక దారి లేకపోయింది. పక్కింటికి వెళ్ళింది. మంచం మీద నల్లకోటులో హైరమ్, చేతిలో పొయ్యి ఎగదోసే ఇనుపచువ్వ. చుట్టూ ఐసమ్, డెల్ఫా, కీర్తన అందుకోవడానికి సిద్ధంగా ముగ్గురు ఆడవాళ్ళు. ఆ దెబ్బలు కొట్టింది తానేనని, సోమవారం ముందుగదిలో, మంగళవారం వంటగదిలో తానే బేస్ వాయించానని, ఓర్లీనా నిలబడి చెప్పింది.

ఐసమ్ కళ్ళు తడిశాయి. ముసలాయన ప్రాణం నిలపడానికి అబద్ధం తలకెత్తుకోవడం గొప్ప మనసేగాని, అబద్ధం అబద్ధమేనని మందలించాడు.

"నువ్వా?" అంది డెల్ఫా. "సంఘంలో పాటే ఎప్పుడూ అర చరణం వెనక పాడతావు. నువ్వు వాయించావా?"

"నేను కాకపోతే మరి ఎవరు డెల్ఫా? చచ్చిపోయిన లైజా?"

"అతనికి వాయించడం వచ్చుగా."

ఆ తర్కానికి గదిలోని అందరూ తలలూపారు. ఓర్లీనా గుడ్డపట్టీలు విప్పి బొబ్బలు చూపించింది. పొయ్యిమీద చెయ్యి కాలిందని మహాలా అప్పుడే చెప్పిందని, వెన్న రాసుకోమని ముగ్గురిలో ఒకావిడ సలహా ఇచ్చింది. ఓర్లీనా మళ్ళీ నోరు తెరిచింది.

సరిగ్గా అప్పుడు గోడ అవతల, ఆమె సొంత ఇంట్లో, ధన్ అని మోగింది. టక్ టక్.

ఎవరూ కదలలేదు. భర్త గనిలో ఉన్నాడు. అత్తగారు కొండమీద ఉంది. తలుపు ఆమె స్వయంగా గడియ వేసి వచ్చింది. ధన్, టక్ టక్. మూడో దెబ్బ ఆలస్యం కావడం లేదు. ఎక్కడ పడాలో అక్కడ, చీకట్లో కూడా మెట్టు తెలిసిన పాదంలా పడుతోంది. ఇన్నాళ్ళూ తన చేతికి రానిది అదే. తాను ఇందాక చెప్పినదంతా అబద్ధమేనని, ఈ రెండు రోజులూ తన చేతుల్లో వాయించింది ఆ చచ్చినవాడేనని, ఒక్క క్షణం ఓర్లీనా మనసారా నమ్మింది.

హైరమ్ చువ్వ ఎత్తి గోడమీద మూడు కొట్టాడు. అవతలి చప్పుడు ఆగలేదు. ఆయన దెబ్బలను అందుకుని, వాటిమీదుగా, వంతెనమీద గుర్రంలా పరుగెత్తింది.

"ఆగలేదు," అన్నాడు హైరమ్, మంచం దిగుతూ. "ఈసారి ఆగలేదు."

బూట్లు విప్పకపోవడం అప్పుడు కలిసొచ్చింది. అందరికంటే ముందు ఆయన వాకిట్లోకి నడిచాడు. మంచులో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని తక్కినవాళ్ళు వెనక నడిచారు. ఐసమ్ ఏదో వాక్యం చదువుతూ చివరన నడిచాడు. తలుపుకు ఓర్లీనా వేసిన గడియ వేసినట్టే ఉంది. ఆమె అది తీసి తలుపు నెట్టింది.

తెల్లదుప్పటి నేలమీద కుప్పగా పడి ఉంది. బేస్ మెడ పక్కన, ఎండకు కట్టుకునే టోపీ తలమీద, మోచేతుల దాకా మడిచిన చేతులకు తోటలో అంటిన మట్టితో, కళ్ళు మూసుకుని మహాలా వాయిస్తోంది.

చరణం పూర్తయ్యాక కళ్ళు తెరిచింది. "తలుపు వెయ్యండి. మంచొస్తే తీగలు తడుస్తాయి."

మహాలా కోడలి వైపు తిరిగింది. "పొగమంచులో చప్పుడు పైకే వస్తుందే. రెండు రోజులు కొండమీంచి విన్నాను. మొదటి రోజు ఓర్చుకున్నాను. రెండో రోజు దుంపలమీద పార తప్పింది. మణికట్టు నించి పడాలే చెయ్యి, భుజం నించి కాదు. పిండి పిసుకుతున్నావనుకున్నావా?"

బాప్తిస్మానికి ముందు రెండు వేసవులు పాటలతో జనాన్ని పోగుచేసి మందులమ్మే బండి వెంట ఊరూరా తిరిగానని, అక్కడ నేర్చుకున్నానని, వాతావరణం సంగతి చెప్పినంత తాపీగా చెప్పింది. రేపు మట్టిలో పెట్టే వస్తువును చివరిసారి ఒకసారి చూద్దామని దిగివచ్చిందట. తోట తోవకు వెనక తలుపే దగ్గర.

"సోదరీ, నీళ్ళలో మునిగిన రోజున ఇదంతా వదిలేస్తానని ప్రమాణం చేశావు," అన్నాడు ఐసమ్.

"మానేస్తానన్నాను. మరిచిపోతాననలేదు."

శనివారం సంఘం ముందు నిలబడి జవాబు చెప్పుకోవాలని ఐసమ్ ఆజ్ఞాపించాడు. అలాగే నిలబడతానని మహాలా ఒప్పుకుంది. ఇక హైరమ్ మిగిలాడు. ఆయన కుర్చీలో కూర్చుని, చువ్వను మోకాళ్ళమీద అడ్డంగా పెట్టుకుని, చాలాసేపు బేస్ వైపు చూశాడు. లైజ్ రాలేదన్న సంగతి ఆయనలోకి మెల్లగా దిగుతోంది. అది శుభవార్తో కాదో చెప్పే ధైర్యం ఆ గదిలో ఎవరికీ లేదు.

"మంగళవారం నేను కొడితే ఆపేసింది ఎవరు?" అన్నాడు చివరికి.

"నేనే బాబాయ్. భయమేసింది."

"ఫిబ్రవరిలో తవ్వడం, తట్టడం ఆపమన్నది కంపెనీ. ఆపింది నేను." ఆయన చువ్వను నేలకు ఆనించాడు. "జవాబొచ్చాక ఆపకూడదమ్మా. అవతలివాడు ఏమనుకుంటాడు?"

గురువారం సమాధి తవ్వలేదు. కోసిన పలకలను వడ్రంగి మొక్కజొన్న దాచే పెట్టెగా బిగించాడు. తుంటి దగ్గర అంత వెడల్పు ఎందుకుందో కొన్నవాడికి చెప్పలేదు. గురు, శుక్రవారాల్లో తొమ్మిది కొట్టగానే హైరమ్ తన మంచం మీద కూర్చుని చువ్వతో గోడమీద లయ పట్టేవాడు. ఇవతల ఓర్లీనా వాయించేది. మహాలా ముట్టుకోనని ఒట్టు వేసుకుంది కనుక దుంపలు తరుగుతూ, మూడో దెబ్బ వెనకపడినప్పుడల్లా కత్తితో బల్లమీద కొట్టేది. గోడ అవతలివాడు ఎప్పుడు కొడతాడో కనబడదు, వినే తెలుసుకోవాలి. పుస్తకాలూ అన్నగారూ నేర్పలేనిది ఆ గోడ నేర్పింది. గురువారం మధ్యాహ్నానికి మూడో దెబ్బ తోవలో పడింది. శుక్రవారం ఆర్విల్ వచ్చి, గుమ్మంలోనే నిలబడి రెండు పాటలు విని, చంకలో పెట్టుకొచ్చిన ప్యాంటును తిరిగి పట్టుకుపోయాడు.

శనివారం మధ్యాహ్నం, సంఘం మందిరంలో మహాలా లేచి నిలబడిన వేళకే, పట్నంలోని రేడియో గదిలో ఓర్లీనా తన ముదురునీలం గౌనులో బేస్ పక్కన నిలబడింది. ఆ గది గోడలు చప్పుడును మింగేస్తాయి; తన ఊపిరి కూడా తనకు వినబడలేదు. గనిలో రాళ్ళ అవతల ఇలాగే ఉంటుందేమోనని తోచింది. అవతల ఎవరున్నారో, ఉన్నారో లేదో తెలియకుండా ఆమె మొదటి దెబ్బ కొట్టింది. తక్కిన రెండూ వాటంతట అవే వచ్చి చేరాయి. పాట నడుమ ఆర్విల్ పాడటం మరచి ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు.

పాట ముగిశాక ప్రకటనకర్త విదూషకుడి కోసం గదంతా చూశాడు. ఎక్కడా ప్యాంటు కనబడకపోవడంతో చలికాలం నుంచీ మార్చని తన కాగితం చూసి పేర్లు చదివాడు. బేస్ మీద లైజ్ ఫ్యూగేట్, అన్నాడు.

తరవాతి వారంలో ఐదు లోయల నుంచి పద్దెనిమిది ఉత్తరాలు వచ్చాయి. రాసినవాళ్ళలో సగంమంది లైజ్ శవపేటిక మోసినవాళ్ళే, లేదా వెనక నడిచినవాళ్ళే. పొరపాటు జరిగిందని ఒక్కరూ రాయలేదు. ఆ మూడు దెబ్బలకు కుక్కలు అరుగుల కింద దూరాయని ఒకరు రాశారు. పోయిన తరవాత లైజ్ చెయ్యి ఇంకా బాగుపడిందని ఒకావిడ సంతోషించింది.

మరుసటి శనివారం ఆర్విల్ స్వయంగా మైకు ముందుకు వెళ్ళి, ఆ రోజు బేస్ వాయించింది తన చెల్లెలు ఓర్లీనా అని స్పష్టంగా ప్రకటించాడు. దానికి వచ్చిన ఉత్తరాలన్నీ రుజువు అడిగాయి.